గ్రాండ్ జ్యూరీ రహస్యానికి ఒక గడువు ఉండాలి

అమెరికాలో గ్రాండ్ జ్యూరీ రికార్డులు ఎన్నేళ్లయినా రహస్యంగానే ఉండాలా, కోర్టులు తెరిపించవచ్చా అన్నది ప్రశ్న. గ్రాండ్ జ్యూరీ అంటే, ఒకరి మీద నేరాభియోగం మోపడానికి తగిన ఆధారాలు ఉన్నాయా అని రహస్యంగా విని తేల్చే మామూలు పౌరుల బృందం. తెరిపించాలి. జార్జియాలో మా కౌంటీ గ్రాండ్ జ్యూరీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

లోపల విన్న కేసుల గురించి ఒక్క ముక్క చెప్పను, ప్రమాణం చేశాను. మనవాళ్లు చాలామంది జ్యూరీలో కూర్చోమని సమన్లు రాగానే ఎలా తప్పించుకోవాలా అని వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు. నాకది చాలా బాధగా ఉంటుంది. పౌరసత్వం కోసం అన్నేళ్లు ఎదురుచూసింది ఇందుకేనా?

నా పక్క సీటులో నల్లజాతి పెద్దావిడ ఒకరు కూర్చునేవారు. రిటైరైన టీచరు, మన్రో ఊరి మనిషి. లంచ్‌లో నా పులిహోర రుచి చూస్తూ, మూర్స్ ఫోర్డ్ బ్రిడ్జి గురించి తెలుసా అన్నారు. తెలియదన్నాను. అప్పుడు చెప్పారు. 1946 జూలై 25న ఆ బ్రిడ్జి దగ్గర తెల్లవాళ్ల గుంపు కారు ఆపి, రెండు నల్లజాతి జంటలను కిందికి లాగి కాల్చి చంపింది. రోజర్, డొరొతీ మాల్కమ్ ఒక జంట, జార్జ్, మే డోర్సీ ఇంకో జంట. జార్జ్ రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన సైనికుడు. ఆ డిసెంబరులో జార్జియాలోని ఏథెన్స్‌లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ 16 రోజులు కూర్చుని వందమందికి పైగా సాక్షులను విచారించింది. ఆ హత్యలకు ఒక్కరి మీదా అభియోగం మోపలేదు. "మా నాన్న బతికున్నంతకాలం ఆ దారిన కారు పోనివ్వలేదు. లోపల ఎవరేం చెప్పారో మాకు ఇప్పటికీ తెలియనివ్వరు" అన్నారావిడ. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఆ వాంగ్మూలాల కోసం ఆంథొనీ పిచ్ అనే చరిత్రకారుడు కోర్టుకెక్కారు. 2017లో జిల్లా జడ్జి ఇచ్చేయమన్నారు. 2019లో అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీల బెంచీ దాన్ని సమర్థించింది. ఆ ఏడాదే పిచ్ చనిపోయారు. 2020 మార్చిలో అట్లాంటాలోని పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు పూర్తి బెంచీ 8-4 తేడాతో ఆ తీర్పును కొట్టేసింది. గ్రాండ్ జ్యూరీ రహస్యాన్ని నిర్దేశించే ఫెడరల్ రూల్ 6(ఇ)లో ఉన్న మినహాయింపులకు జడ్జీలు సొంతంగా ఇంకోటి చేర్చకూడదని, చరిత్ర కోసం అనే మినహాయింపు అందులో లేదని తేల్చింది. అందుకోసం, జడ్జీలకు ఆ అధికారం ఉందన్న 1984 నాటి తమ తీర్పునే రద్దు చేసుకుంది.

సాక్షులు భయపడకూడదు, అభియోగం లేనివాళ్ల పరువు పోకూడదు. రహస్యం ఉన్నది అందుకే, నిజమే. అభియోగం పడగానే "దోషిగా తేలాడు" అని స్క్రోలింగ్ వేసే మన టీవీ చానెళ్లను చూస్తే ఆ జాగ్రత్త ఎంత అవసరమో తెలుస్తుంది. కానీ డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక కాపాడటానికి ఎవరు మిగిలారు?

సోవియట్ యూనియన్‌కు అణు రహస్యాలు చేరవేశారని రోజెన్‌బర్గ్ దంపతుల మీద న్యూయార్క్‌లో నడిచిన గూఢచర్యం కేసు చూడండి. అందులో సాక్షి డేవిడ్ గ్రీన్‌గ్లాస్ బతికుండగా వద్దన్నాడు కాబట్టి 2008లో అతని వాంగ్మూలాన్ని జడ్జి తెరవలేదు. 2014లో అతను పోయాక, 2015లో తెరిచారు. రహస్య పత్రాలను తన అక్క ఎథెల్ రోజెన్‌బర్గ్ టైప్ చేసిందని 1951 విచారణలో చెప్పిన ఆ మనిషే, అంతకుముందు గ్రాండ్ జ్యూరీ ముందు మాత్రం అక్కతో ఈ విషయం ఎప్పుడూ మాట్లాడలేదన్నాడు. ఆమెను 1953లోనే ఎలక్ట్రిక్ చైర్‌లో చంపేశారు. ఆ కాగితాలను ఆమె కొడుకులైనా చదవగలిగారు. జార్జియాలోని కుటుంబాలకు కూడా ఆ హక్కు దక్కేలా ఇక రూల్ మార్చాలి.