కేస్ షీట్ చదవడం ఎవరు నేర్పుతారు?

(మీ ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నది ప్రభుత్వాసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన అధికారిణి.)

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాది ఇంటర్ బైపీసీ. నీట్ రెండుసార్లు రాశాను, సీటొచ్చే ర్యాంకు రాలేదు. అమీర్‌పేటలో మూడు నెలలు మెడికల్ కోడింగ్ (జబ్బులకీ చికిత్సలకీ కోడ్ నంబర్లు వేసే పని) నేర్చుకుంటే నాలుగో నెల నుంచి జీతమేనని మా మావయ్య అంటున్నాడు. డిగ్రీ లేకుండా ఏ కోర్సూ వద్దని నాన్న పట్టుబట్టారు. హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ బీఎస్సీ అని ఒక కాలేజీ బ్రోషర్‌లో చూశాను. కోడింగూ అదీ ఒకటేనా? దేంట్లో చేరాలి? ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ఒకటి కాదమ్మా. మా గదిలో నాలుగైదు బల్లలుంటే కోడింగ్ వాటిలో ఒకటి.

రోగి డిశ్చార్జి అయ్యాక కేస్ షీట్ వార్డు నుంచి మా దగ్గరికి వస్తుంది. సవ్యంగా వచ్చిన రోజు పండగే. పక్క మంచం వాళ్ల ల్యాబ్ రిపోర్టు ఇందులో అంటించి ఉంటుంది. ఆపరేషన్ నోట్స్ కింద డాక్టర్ సంతకం ఉండదు. సమ్మతి పత్రం మీద వేలిముద్ర ఉంటుంది గానీ సాక్షి పేరుండదు. కాగితాలు వరసన పెట్టి, లేనిదేదో పట్టుకుని, ఆ డాక్టర్ వెంటపడి రాయించుకుని, ఆ తర్వాతే జబ్బుకి కోడ్ వేసి ర్యాకులో పెట్టాలి. రోగి మళ్లీ వచ్చినా, బీమా కంపెనీ అడిగినా, కోర్టు పిలిచినా తీసివ్వాలి. నెలాఖరుకి కాన్పులెన్ని, డెంగీలెన్ని, మరణాలెన్ని అని లెక్క తేల్చాలి. ఇప్పుడు కాగితం బదులు కంప్యూటర్ వచ్చింది, రోగి ఆరోగ్య రికార్డులకి 14 అంకెల ఆభా నంబరు వచ్చింది. పెట్టని సంతకం మాత్రం అక్కడా ఖాళీగానే కనిపిస్తోంది.

మీ మావయ్య చెప్పింది అబద్ధమేం కాదు. హైదరాబాద్‌లో కోడింగ్ కంపెనీలు చాలా ఉన్నాయి. అయితే అక్కడ చేసే పని ఎక్కువగా అమెరికా ఆసుపత్రులది. ఐసీడీ అంటే జబ్బులకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే కోడ్‌ల పట్టిక. వాళ్లు 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10-సీఎం అనే దాని సొంత కూర్పు వాడుతున్నారు. దానికి తోడు చేసిన చికిత్సకి సీపీటీ కోడ్‌లు. ఏఏపీసీ అనే అమెరికా సంస్థ కోడర్లకి పెట్టే సీపీసీ పరీక్షకి 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, కోడ్ పుస్తకాలు ఎదురుగా పెట్టుకునే రాయాలి. 70 శాతం వస్తే పాస్. పాసైనా అనుభవం లేనివాళ్ల సర్టిఫికెట్ చివర 'ఏ' అని ఒక అక్షరం తగిలిస్తారు, అప్రెంటిస్ అని. మామూలుగా రెండేళ్లు పనిచేస్తే గానీ అది ఊడదు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' బోర్డు మీద ఈ 'ఏ' సంగతి నేనైతే ఎక్కడా చూడలేదు.

నాన్నగారి మాటకీ బలముంది. 2021లో కేంద్రం అలైడ్ హెల్త్ వృత్తుల (డాక్టర్లు, నర్సులు కాని ఆరోగ్య రంగ ఉద్యోగాల) కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. అందులోని పది విభాగాల్లో చివరిది మనదే, హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్. ఆ చట్టం ప్రకారం కనీసం 2000 గంటల చదువైనా ఉంటేనే అలైడ్ హెల్త్ నిపుణుల కింద లెక్క. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే 3600 గంటల డిగ్రీ కావాలి. మూడు నెలల కోర్సుకి ఎన్ని గంటలవుతాయో మీ మావయ్యనే లెక్కేయమను.

కాబట్టి నా ఓటు డిగ్రీకే, అదీ ఏ కాలేజీ పడితే ఆ కాలేజీకి కాదు. మణిపాల్‌లో ఈ చదువుకి ప్రత్యేకంగా డిపార్ట్‌మెంటే ఉంది. వెల్లూరు సీఎంసీలో మెడికల్ రికార్డ్ సైన్స్ పేరుతో నేర్పుతారు. వీటికి ఇంటి నుంచి దూరం వెళ్లాలి, ఖర్చూ ఉంటుంది. దగ్గర్లో చేరేట్టయితే బ్రోషర్ పక్కన పడేసి, కాలేజీకి వెళ్లి ఒక్క మాట అడుగు. "మమ్మల్ని ఏ ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చోబెడతారు, ఎన్ని రోజులు?" వెంటనే ఆసుపత్రి పేరు చెబితే ఫీజు సంగతి మాట్లాడొచ్చు. "అవన్నీ ఫైనలియర్‌లో చూద్దామమ్మా" అన్నారంటే బస్టాండుకి వచ్చెయ్.

ఇంత పట్టుగా ఎందుకంటున్నానంటే, నేను గుమస్తాగా చేరిన కొత్తలో ఎవరూ ఏమీ నేర్పలేదు. మా ఆసుపత్రిలో ఫైళ్లు చివరి అంకెల వరసలో పెట్టేవాళ్లు. నంబరు 04-27-63 అనుకో, ముందు 63 అరకి వెళ్లాలి, అందులో 27, అందులో 04. ఇలా అయితే కొత్త ఫైళ్లన్నీ ఒక్క మూలే పోగుపడకుండా నూరు అరలకీ సర్దుకుంటాయి. ఆ కిటుకు నాకెవరూ చెప్పలేదు, చూసి పట్టేశాననుకున్నాను. కొట్లాట కేసు ఫైలొకటి 63కి బదులు 36లో పెట్టాను. కోర్టు నుంచి సమన్లొచ్చాయి. మూడు రోజులు వెతికాం. ఆ మూడు రోజులూ అన్నం సహించలేదు. ఆ తర్వాత నన్ను అప్పటి పాండిచ్చేరి జిప్మర్‌కి శిక్షణకి పంపారు. సర్వీసులో ఉన్నవాళ్లకి కేంద్ర ఆరోగ్య శాఖలోని సీబీహెచ్ఐ ఇప్పించే శిక్షణ అది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లోనూ ఇస్తారు.

అక్కడి రికార్డుల గదిలో నేర్చుకున్న ఒక అలవాటు చెబుతాను. ఆడవాళ్ల కార్డు రాసేటప్పుడు పుట్టింటి ఇంటిపేరు కూడా అడగడం. మనవైపు పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది కదా, అదే మనిషికి రెండో నంబరు పడిపోతుంది. ఒకసారి కాన్పుకొచ్చిన అమ్మాయిని అలా అడిగి పాత ఫైలు తీయిస్తే, పెన్సిలిన్ పడదని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ అమ్మాయికి ఆ సంగతి గుర్తే లేదు, చిన్నప్పుడెప్పుడో జరిగిందట. ఈ అలవాటు సిలబస్‌లో దొరకదు, గదిలో కూర్చుంటేనే వస్తుంది.

బైపీసీ చదివావు కాబట్టి శరీర శాస్త్రం నీకు కష్టం కాదు. పదాల తోకలు మాత్రం బాగా పట్టుకో. కోలెక్టమీ అంటే పెద్దపేగు తీసేయడం, కోలాస్టమీ అంటే దానికి పొట్ట మీద దారి చేయడం. ఎం.ఎస్. అని రాసి ఉంటే గుండె కవాటం జబ్బూ కావొచ్చు, నరాల జబ్బూ కావొచ్చు. పక్క పేజీలు చదివితేనే ఏదో తేలుతుంది. డిగ్రీ అయ్యాక కోడింగ్‌కే వెళ్తానంటే వెళ్లు, సీపీసీ అప్పుడూ రాయొచ్చు. ఈ మాట మీ మావయ్యకీ నచ్చుతుంది.

ప్రశ్న: అక్కా, మావారి ఉద్యోగం వల్ల డాలస్‌లో ఉంటున్నాం. హైదరాబాద్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాను. ఇక్కడ మెడికల్ రికార్డుల టెక్నీషియన్ పరీక్ష ఆర్‌హెచ్‌ఐటీ రాయొచ్చా?
– ఒక గృహిణి, అమెరికా

జవాబు: నీ బీఎస్సీతో నేరుగా కుదరదమ్మా. ఆర్‌హెచ్‌ఐటీకి సీఏహెచ్ఐఐఎం (ఈ కోర్సులకి గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపున్న కోర్సులో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉండాలి, దాని పై మెట్టు ఆర్‌హెచ్‌ఐఏకి బ్యాచిలర్స్ కావాలి. కమ్యూనిటీ కాలేజీలో చేరే ముందు ఆ గుర్తింపు ఉందో లేదో నువ్వే చూసుకో, కౌన్సిలర్ మాట మీద వదిలెయ్యకు. అన్నిటికన్నా ముందు మీ వీసాతో నీకు పనిచేసే అనుమతి ఉందా అన్నది తేల్చుకో. అది లేకపోతే పరీక్ష పాసైనా సర్టిఫికెట్ గోడకే.

ప్రశ్న: మేడమ్, డిగ్రీ చివరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌కి ఒక ఆసుపత్రిలో వేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాత ఫైళ్లు స్కాన్ చేయిస్తున్నారు. ఏమీ నేర్చుకోవట్లేదు.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: స్కాన్ చేసే ముందు చదువు బాబూ! నిన్ను ఎవరూ వద్దనరు. చదివింది మాత్రం గది దాటకూడదు, హాస్టల్లో కబుర్లకి కూడా.

మరణించినవాళ్ల ఫైళ్లతో మొదలుపెట్టు. అందులో ఫారం 4 ఉంటుంది, మరణ కారణం డాక్టర్ రాసేది. 'కార్డియాక్ అరెస్ట్' అని ఒక్క ముక్క రాసి వదిలేసినవి నీకు బోలెడు కనిపిస్తాయి. గుండె ఆగడం ప్రతి మరణంలోనూ ఉంటుంది, అది కారణం కాదు. ఎందుకు ఆగిందో కింది గీతల్లో రాయాలి. కేస్ షీట్ తిరగేసి అసలు కారణమేంటో నువ్వే రాసుకో. పాముకాటా, షుగర్ ముదిరి కిడ్నీలు పోయాయా, టీబీయా? ఐసీడీ పుస్తకంలో కోడ్ వెతుక్కో. రోజుకి రెండు చాలు. సందేహం వస్తే రికార్డు ఆఫీసర్ని అడుగు, మధ్యాహ్నం భోజనం అయ్యాక అడుగు. పొద్దున పూట మాకు ఎవరి మీదా దయ ఉండదు.