టెక్ సందేహాలు: బ్రష్ కోసం యాంటీవైరస్ ఆపమంటే అనుమానించండి

ప్రశ్న: క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు వేస్తుంటాను. నీటిరంగుల ప్రభావం తెచ్చే బ్రష్ స్క్రిప్ట్ ఒకటి ఒక వీడియో కింద ఇచ్చిన లింకులో దొరికింది. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది. లోపలి ఫైలును నడిపే ముందు యాంటీవైరస్ ఆపాలని రాశారు. అలాగే చేశాను కానీ బ్రష్ మాత్రం కనిపించడం లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?
– కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఆపేయండి, మిగతా జవాబు ఫోనులో చదవవచ్చు. మీరు నడిపినది బ్రష్ కాకపోవచ్చు. ఊరు, సాఫ్ట్‌వేర్ పేరు మారుతున్నాయే తప్ప ఇదే ఫిర్యాదు పదేపదే వస్తోంది. రాసేవారంతా బ్రష్ ఎందుకు రాలేదని అడుగుతున్నారు గానీ, బ్రష్‌కూ యాంటీవైరస్‌కూ ఏమిటి సంబంధమని ఒక్కరూ అడగడం లేదు.

చిత్రలేఖన సాఫ్ట్‌వేర్లలో మనం చేర్చుకునే ఫైళ్లు రెండు జాతులవి. మొదటి జాతిలో ఉండేది సమాచారం మాత్రమే. క్రిటా ప్రీసెట్ (ముందే అమర్చిన బ్రష్) అయిన కేపీపీ ఫైలు నిజానికి ఒక పీఎన్‌జీ బొమ్మ. బ్రష్ పరిమాణం, ఒత్తిడికి స్పందించే తీరు వంటి సెట్టింగులు ఆ బొమ్మలోనే అక్షరరూపంలో ఇమిడి ఉంటాయి. ఫొటోషాప్ ఏబీఆర్, జింప్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడే జీబీఆర్ బ్రష్ ఫైళ్లూ ఈ కోవకే చెందుతాయి. రెండో జాతివి ప్రోగ్రాములు. 2018లో 4.0 వెర్షన్‌తో క్రిటాలోకి వచ్చిన పైథాన్ ప్లగిన్లు (పైథాన్ భాషలో రాసిన అదనపు ప్రోగ్రాములు), జింప్‌లోని స్క్రిప్ట్-ఫూ, ఫైర్‌ఆల్పాకా, మెడిబ్యాంగ్ పెయింట్‌లలో లువా భాషలో రాసే బీఎస్ ఫైళ్లు ఇలాంటివే. ఈ చివరి రకంలో కలం కదిలినప్పుడల్లా ఆ చోటు, ఒత్తిడి ఎంతో స్క్రిప్ట్‌కు అందుతాయి, అక్కడ ఎలాంటి గుర్తు పడాలో స్క్రిప్టే నిర్ణయిస్తుంది. మొదటి జాతి ఫైలు తెచ్చుకోవడం రంగు డబ్బా కొనుక్కోవడమైతే, రెండోది రంగులు వేసే మనిషికి ఇంటి తాళాలు అప్పగించడం. ముఖ్యంగా క్రిటా పైథాన్ ప్లగిన్‌కు అడ్డుగోడలేమీ ఉండవు. మీ లాగిన్‌తో మీరు తెరవగలిగిన ప్రతి ఫైలునూ అదీ తెరవగలదు.

క్రిటాలో ఇన్‌స్టాల్ చేయడం కష్టమేమీ కాదు. బ్రష్‌ల వంటివాటిని మూటకట్టిన బండిల్ ఫైలైతే సెట్టింగ్స్ మెనూలోని ‘మేనేజ్ రిసోర్స్ లైబ్రరీస్’ ద్వారా, పైథాన్ ప్లగిన్ అయితే టూల్స్ మెనూలో స్క్రిప్ట్స్ కింద ఉన్న ‘ఇంపోర్ట్ పైథాన్ ప్లగిన్’ ద్వారా చేర్చుకుని, ప్లగిన్ల జాబితాలో దాన్ని ఆన్ చేసి, క్రిటాను మూసి తెరవాలి. ఫొటోషాప్ ఏబీఆర్‌ను క్రిటా చదువుతుంది గానీ బ్రష్ కొన ఆకారాలను మాత్రమే తీసుకుంటుంది, మిగతా ప్రవర్తన రాదు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోని క్రిటాలో పైథాన్ ప్లగిన్లు పనిచేయవు కాబట్టి అక్కడ వాటి కోసం వెతకడం వృథా. అన్నిటికీ మించి, మీరు కోరుకున్న నీటిరంగుల బ్రష్‌లు క్రిటాతో పాటే వస్తాయి, వాటికి స్క్రిప్ట్ అక్కరలేదు. క్రిటా బ్రష్‌ల జాబితాలో ఒకసారి చూసి ఉంటే ఈ ఉత్తరం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం. పై మార్గాల్లో ఏ ఒక్కటీ ఈఎక్స్‌ఈ ఫైలును, అంటే విండోస్‌లో నేరుగా నడిచే ప్రోగ్రాంను, నడపమని అడగదు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది మీ మేలు కోరి కాదు, లోపలున్నదాన్ని ఈమెయిల్ సేవలూ యాంటీవైరస్‌లూ తనిఖీ చేయకుండా ఉండేందుకే. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి ‘వాటర్‌కలర్.ఏబీఆర్.ఈఎక్స్‌ఈ’ అన్నది మీ కంటికి ‘వాటర్‌కలర్.ఏబీఆర్’గానే కనిపిస్తుంది. ఇన్నేళ్లయినా ఈ అలవాటును మార్చకపోవడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో ఆ భాగం కనిపించేలా ఈ రోజే మార్చుకోండి.

చిత్రకారులను ఎవరు లక్ష్యం చేసుకుంటారనే వారికి 2022 నాటి ఒక ఉదంతం చెప్పాలి. గూగుల్‌లో జింప్ కోసం వెతికిన వారికి అసలు సైటు చిరునామానే చూపిస్తూ ఒక ప్రకటన కనిపించింది. దాన్ని నొక్కినవారు మాత్రం పేరులో స్వల్ప తేడా ఉన్న నకిలీ సైటుకు చేరారు. అక్కడ దొరికిన ఫైలు సుమారు 700 మెగాబైట్లు. అందులో అధిక భాగం ఉత్త పొట్టు, అసలు సరుకు విడార్ అనే సమాచార చోరీ ప్రోగ్రాం. ఇలా ఉబ్బించిన ఫైళ్లను తనిఖీ సాధనాలు పరిమాణం చూసే వదిలేసే అవకాశం ఉంటుంది.

ఈ రకం చోరీ ప్రోగ్రాములు తెరపై ఏ అలికిడీ చేయవు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు, మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని చెప్పే కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. ఆ కుకీ చేతిలో ఉన్నవాడికి పాస్‌వర్డ్‌తో పని ఉండదు, మీకు ఓటీపీ కూడా రాదు. మన ఇళ్లలో అమ్మాయి బొమ్మలు వేసుకునే ల్యాప్‌టాప్‌లోనే తండ్రి బ్యాంకు పనులు, పాన్ కార్డు స్కాన్ కాపీలు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

అందువల్ల, మీరు వేరే పరికరం నుంచి ఈమెయిల్ మొదలుకొని ముఖ్యమైన ఖాతాలన్నిటి పాస్‌వర్డ్‌లు మార్చి, ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ చేయాలి. పాత కుకీలు చెల్లకుండా చేసేది ఆ రెండో మెట్టే, చాలామంది దాన్నే వదిలేస్తారు. బొమ్మల ఫైళ్లను మాత్రం భద్రపరచుకుని విండోస్‌ను శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. డబ్బు పోయినట్లు తెలిస్తే వెంటనే బ్యాంకుకూ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కూ ఫోన్ చేయండి.

నిజమైన స్క్రిప్టులు మామూలు అక్షరాల ఫైళ్లు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. కోడ్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు. గీత గీయడానికి ఇంటర్నెట్ చిరునామా ఎందుకు, వేరే ప్రోగ్రాంను నడిపే ఆదేశం ఎందుకు, అర్థంలేని అక్షరాలతో నిండిన పొడవాటి వరుస ఎందుకు అని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఒక్కదానికి సమాధానం దొరకకపోయినా దాన్ని చేర్చుకోకండి.

తప్పంతా వాడేవారిదే అనడం అన్యాయం. ఫోనులో టార్చ్‌లైట్ యాప్ కూడా కెమెరా వాడుకోవాలంటే అనుమతి అడగవలసిందే. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ తాను ఏమేం చదువుతుందో ముందే చెబుతుంది. చిత్రలేఖన సాఫ్ట్‌వేర్లు మాత్రం మొత్తం హార్డ్ డిస్కును చదవగల స్క్రిప్టును లోపలికి తీసుకుంటూ ‘ఆన్ చేయమంటారా?’ అని ముక్తసరిగా అడిగి ఊరుకుంటాయి. స్క్రిప్టుకు ఫైళ్లు అవసరమా, ఇంటర్నెట్ అవసరమా అని అడిగే ఒక చిన్న పెట్టె పెట్టడానికి వాటిని తయారుచేసేవారికి తీరిక లేదు గానీ, ప్రతి అప్‌డేట్‌లో టూల్‌బార్ గుర్తుల ఆకారాలు మార్చడానికి మాత్రం ఉంటుంది.

అప్‌డేట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి, 2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0లో తమ పాత ప్లగిన్లు కనిపించడం లేదని రాసినవారికి కూడా ఇక్కడే జవాబిస్తాను. పైథాన్ 2లో రాసినవి ఇక పనిచేయవు, వాటిని పైథాన్ 3కు తిరగరాయాలి. కొత్తవాటిలోనూ ప్లగిన్ ఫైలు తన పేరే ఉన్న ఫోల్డర్‌లో ఉండాలి, నేరుగా ప్లగిన్ల ఫోల్డర్‌లో పడేస్తే జింప్ పట్టించుకోదు. ఒక్క స్క్రిప్ట్ కోసం పాత 2.10కి వెళ్లక తప్పదనుకుంటే 2.10.36 కన్నా పాతది పెట్టుకోకండి. హానికరంగా తయారుచేసిన పీఎస్‌డీ (ఫొటోషాప్ బొమ్మ) వంటి ఫైలును తెరిచినంత మాత్రాన కంప్యూటర్‌పై పట్టు కోల్పోయే ప్రమాదం కలిగించిన లోపాలను 2023 నవంబరులో ఆ వెర్షన్‌లోనే సరిచేశారు.