జామింగ్‌ని తట్టుకునే శాటిలైట్ లింక్ కావాలంటే వేగం వదులుకోవాలి

సైన్యం వాడే శాటిలైట్ సిగ్నల్ ఎలాగూ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కదా, ఇంకా జామింగ్ (రొద పంపి సిగ్నల్‌ని వినపడకుండా చెయ్యడం) భయం ఎందుకు, దాన్ని తట్టుకునేలా ఎలా తయారుచేస్తారు అని ఈసీఈ చివరి ఏడాది విద్యార్థిగా అడిగారు. నేను శాటిలైట్ మోడెమ్‌ల తయారీలో చాలాకాలం పనిచేశాను. అందరికీ తెలియదగ్గ సంగతుల మేరకే చెబుతాను.

ఎన్‌క్రిప్షన్ ఉంటే మన మాట శత్రువుకి అర్థం కాదు. జామ్ చేసేవాడికి అర్థం కావాల్సిన పని లేదు, మనవాళ్లకి వినపడకపోతే చాలు. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. జవాను వీపున మోసే టెర్మినల్‌ది చిన్న డిష్, కొద్ది వాట్ల పవర్. ఆ ఉపగ్రహానికి కనిపించే ప్రాంతంలో, వందల కిలోమీటర్ల అవతల కూర్చుని కూడా శత్రువు పెద్ద డిష్‌తో కిలోవాట్లు పైకి పంపగలడు. ఉపగ్రహంలోని మామూలు ట్రాన్స్‌పాండర్ (సిగ్నల్ అందుకుని తిరిగి పంపే పరికరం) వచ్చిందాన్ని వచ్చినట్టే పెంచి కిందికి పంపుతుంది కాబట్టి, దాని పవర్‌లో ఎక్కువ భాగం జామర్ రొదకే పోతుంది. డౌన్‌లింక్‌ని (ఉపగ్రహం నుంచి కిందికి వచ్చే సిగ్నల్‌ని) చెడగొట్టాలంటే మాత్రం జామర్ మన టెర్మినల్‌కి కనుచూపు మేరలో ఉండాలి, మధ్యలో ఒక గుట్ట ఉన్నా మనకి మేలే. అందుకే అప్‌లింక్ (కింద నుంచి పైకి వెళ్లే సిగ్నల్) మీదే ఎక్కువ దృష్టి పెడతాం.

పవర్‌లో వాడితో పోటీపడలేం. కాబట్టి రహస్య కీ ప్రకారం ఫ్రీక్వెన్సీలు మార్చుకుంటూ విశాలమైన బ్యాండంతా తిరుగుతాం. దీన్నే హాపింగ్ అంటాం, ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఆగే కాసేపు ఒక హాప్. అమెరికా వాళ్ల సైనిక ఉపగ్రహాలు మిల్‌స్టార్ (మొదటి ప్రయోగం 1994), దాని తర్వాత 2010 నుంచి 2020 లోపు పంపిన ఆరు ఏఈహెచ్ఎఫ్ ఉపగ్రహాలు ఈ దారిలోవే. అప్‌లింక్ 44 గిగాహెర్ట్జ్ దగ్గర, 2 గిగాహెర్ట్జ్ వెడల్పుతో ఉంటుంది. అక్కడ సెకనుకి 2,400 బిట్లు మాత్రమే పంపితే, వెడల్పుకీ వేగానికీ నిష్పత్తి ఎనిమిది లక్షలు దాటుతుంది, అంటే దాదాపు 59 డీబీల (డెసిబెల్స్, ప్రతి 10 డీబీలకి పది రెట్లు) రక్షణ. అదే లింక్‌లో 8 మెగాబిట్లు పంపితే రక్షణ 24 డీబీలకి పడిపోతుంది. మీ ప్రశ్నకి సగం జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది. మిగతాది ఉపగ్రహం చేసే పని: హాపింగ్‌ని పైనే విప్పి, బిట్లు తేల్చుకుని, సిగ్నల్‌ని కొత్తగా కట్టి పంపుతుంది. రొద కిందికి దిగదు. (44 గిగాహెర్ట్జ్‌ని వాన బాగా దెబ్బతీస్తుంది. మన రుతుపవనాల దేశంలో అది చిన్న విషయం కాదు.)

పనిలో నేను ఎక్కువగా కుస్తీపట్టింది రెండింటితో. నిజమైన ఉపగ్రహం మీదికి జామర్ వదిలితే పక్కవాళ్ల సిగ్నళ్లూ పోతాయి, అందుకని ల్యాబ్‌లో కేబుల్ మీదే పరీక్షించేవాళ్లం. మొదటిది ఇది: బ్యాండంతా పరచిన రొద కంటే, పవరంతా కొంత భాగం మీదే పెట్టే జామర్ మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఆ భాగంలో పడిన హాప్ మొత్తం చెడిపోతుంది. పైగా జామర్ బలంగా ఉంటే డీకోడర్‌కి (వచ్చిన బిట్లలో తప్పులు సరిదిద్దే భాగానికి) ఆ చెత్త బిట్లే నమ్మదగినవిగా కనిపిస్తాయి. బిట్లను చాలా హాపుల మీదికి పంచాలి, చెడిన హాపుని కనిపెట్టి లెక్కలోంచి తీసెయ్యమని డీకోడర్‌కి చెప్పాలి. అలా పంచితే ఆలస్యం పెరుగుతుంది. భూస్థిర కక్ష్య మీదుగా మాట వెళ్లడానికే పావు సెకను పడుతుంది, ఇంకా పెరిగితే వాయిస్ కష్టం.

రెండోది గడియారం. హాప్ సరిగ్గా దాని సమయానికే ఉపగ్రహాన్ని చేరాలి. జామింగ్ ఉన్నచోట జీపీఎస్ కూడా పోయిందనే అనుకోవాలి. వంద కోట్లలో ఒక వంతు తేడా ఉన్న ఆసిలేటర్ (గడియారాన్ని నడిపే భాగం) కూడా గంటకి 3.6 మైక్రోసెకన్లు పక్కకి జరుగుతుంది. ఉపగ్రహం దూరం ఒక్క కిలోమీటరు తప్పుగా లెక్కేసినా 3.3 మైక్రోసెకన్లు పోతాయి. కోల్డ్ ఛాంబర్‌లో పెట్టినప్పుడు ఓవెన్ ఆసిలేటర్ (స్థిరంగా నడవడానికి వేడిగా ఉంచే రకం) వేడెక్కడానికి నిమిషాలు తీసుకునేది, ఆ నిమిషాల్లో బ్యాటరీని తాగేసేది. మంచుకొండల్లో ఆ బ్యాటరీని మోసేది మనిషి. అందుకే స్విచ్ వేశాక మొదటి లింక్ దొరికే సమయం దగ్గర నేనెప్పుడూ రాజీపడలేదు.

ఒక ట్రయల్‌లో మన గోదావరి జిల్లాల సుబేదార్ గారొకరు అన్నమాట: "వీడియో తర్వాత సంగతి సార్. మేం ఎక్కడున్నాం, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఇది మాత్రం ఆగకూడదు." ఆ కబురు 50 బైట్లు, అంటే 400 బిట్లు. మిల్‌స్టార్ కనిష్ఠ వేగం సెకనుకి 75 బిట్లు, దాంతో కూడా ఆరు సెకన్లలోపే చేరుతుంది. డిజైన్ అక్కడ మొదలుపెట్టాలి, వీడియో దగ్గర కాదు.

జామింగ్‌ని ఆపితే అన్నీ ఆగినట్టు కాదని 2022 ఫిబ్రవరి 24న తెలిసింది. ఉక్రెయిన్‌లో కేఏ-శాట్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహం మోడెమ్‌లు వేల సంఖ్యలో మూగబోయింది నెట్‌వర్క్ నిర్వహణ వ్యవస్థలోకి చొరబడి పంపిన మాల్‌వేర్ వల్ల. ఏ హాపింగూ దాన్ని అడ్డుకోలేదు.

మన దగ్గర నేవీకి 2013లో జీశాట్-7, వైమానిక దళానికి 2018లో శ్రీహరికోట నుంచి జీశాట్-7ఏ వెళ్లాయి. ఎలక్ట్రానిక్ యుద్ధం మీద పనిచేసే డీఆర్‌డీఓ ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్ హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోనే ఉంది. ఈ రంగంలోకి రావాలనుంటే ప్రాజెక్టుగా హాపింగ్ లింక్‌ని సిమ్యులేట్ చెయ్యండి. జామర్ మొత్తం పవర్ మార్చకుండా అది కప్పే వెడల్పుని మాత్రం 100 శాతం నుంచి 5 శాతం దాకా తగ్గిస్తూ, చెడిన హాపుల సమాచారం డీకోడర్‌కి ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి ఎర్రర్ రేటు గీసి చూడండి. ఇంటర్వ్యూకి ఆ రెండు గీతల్నీ వెంట తీసుకెళ్లండి.