రెటీనా రక్తనాళం మూసుకుపోతే కరెంటు వైద్యంతో చూపు వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. మా అమ్మకు 61 ఏళ్లు. బీపీ ఉంది. మాత్ర ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు మానేస్తుంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తుంది. చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. రెండు నెలల క్రితం పొద్దున్న లేచేసరికి ఎడమ కన్ను కనిపించలేదు. నొప్పేమీ లేదు. శుక్లం అనుకుని మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేశాం. నాలుగో రోజున విశాఖ తీసుకెళ్తే కంటి వెనక రక్తనాళం మూసుకుపోయింది, చూపు రావడం కష్టమన్నారు. చీటీ మీద ‘సీఆర్‌ఏఓ’ అని రాశారు. ఇప్పుడు ఒకచోట కంటికి కరెంటు పెట్టి చూపు తెప్పిస్తామంటున్నారు. పది సిట్టింగులకు 45 వేలట. చేయించమంటారా? కళ్లజోడు మారిస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ 45 వేలు కట్టకండమ్మా. ఎందుకో చెబుతాను. అంతకంటే ముందు చేయించాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి, అవీ చెబుతాను.

చీటీ మీద ఏం రాశారో చూసి పంపడం మంచిదైంది. సీఆర్‌ఏఓ అంటే రెటీనాకు, అంటే కంటి వెనకుండే చూపు పొరకు, రక్తం తెచ్చే ప్రధాన ధమని మూసుకుపోవడం. సీఆర్‌వీఓ అని ఉంటే రక్తం తిరిగి వెళ్లే సిర మూసుకుపోయినట్టు. ఒక్క అక్షరమే తేడా, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. సిర మూసుకుపోతే రెటీనా మధ్యలో నీరు చేరి చూపు తగ్గుతుంది. దానికి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, చాలామందికి బాగా పనిచేస్తాయి. అలాంటివాళ్లు ఆ ఇంజెక్షన్లు మానేసి కరెంటు కోసం తిరిగితే చేజేతులా చూపు పోగొట్టుకున్నట్టే. మీ అమ్మగారిది ధమని సమస్య. ఇందులో ఆలస్యం ఎంత దెబ్బ తీస్తుందో కోతులపై చేసిన ప్రయోగాల్లో తేలింది. మన పంజాబ్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన సోహన్ సింగ్ హేరే అనే కంటి శాస్త్రవేత్త వాటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ధమనిని పూర్తిగా బిగించినా 97 నిమిషాల్లోపు వదిలేస్తే రెటీనా కోలుకుంది. 240 నిమిషాలు దాటాక తిరిగి రాని నష్టం జరిగిపోయింది. అంటే నాలుగు గంటలు. పైగా అమ్మగారికి నిద్రలో ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు. కాబట్టి ఆ నాలుగు రోజుల గురించి మీరు మనసు పాడుచేసుకోకండి. పొద్దున్నే బయల్దేరి ఉన్నా సోంపేట నుంచి విశాఖ చేరేసరికి ఆ గడువు దాటిపోయేదే.

ఇక కరెంటు సంగతి. ఇది పూర్తిగా కట్టుకథ కాదు, అందుకే జనం నమ్ముతున్నారు. పరిశోధనల్లో చేసే పద్ధతి ఇలా ఉంటుంది. కంట్లో మత్తు చుక్కలు వేసి, వెంట్రుకంత సన్నటి లోహపు పోగును కింది రెప్ప అంచున, నల్లగుడ్డుకు ఆనేలా పెడతారు. కణత దగ్గర చర్మం మీద ఇంకో ఎలక్ట్రోడ్ అంటిస్తారు. కరెంటును చాలా తక్కువ నుంచి మెల్లగా పెంచుతూ పోతే ఒక దశలో పేషెంటు ‘ఏదో మినుకుమినుకుమంటోంది’ అంటారు. ఆ మోతాదును లెక్కగా తీసుకుని వారానికోసారి అరగంట చొప్పున ఇస్తారు. ఎలుకల్లో ఇలా చేసినప్పుడు రెటీనాలోని కణాలు నరాలను కాపాడే పదార్థాలను ఎక్కువగా తయారుచేసినట్టు జపాన్ పరిశోధకులు చూశారు. ఆశ పుట్టింది అక్కడే.

మనుషుల్లో ఏం జరిగింది? 2007లో జపాన్ వైద్యులు ధమని మూసుకుపోయిన ముగ్గురికి ఇచ్చి, కొంత మెరుగుదల కనిపించిందని రాశారు. ముగ్గురే. పోల్చి చూడటానికి కరెంటు ఇవ్వని పేషెంట్లు లేరు. 2013లో జర్మనీలోని ట్యూబింగెన్ వైద్యులు 13 మందిని తీసుకున్నారు. కొందరికి పోగు పెట్టారు కానీ కరెంటు ఇవ్వలేదు, మిగిలినవారికి ఇచ్చారు. ఆరు వారాలయ్యాక చూస్తే ఎవరికీ హాని జరగలేదు. రెటీనా స్పందనను కొలిచే ఈఆర్‌జీ పరీక్షలో ఒక కొలత మెరుగైంది. అక్షరాల బోర్డు చదవడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంటి మనుషులకు కావాల్సింది ఆ బోర్డే కదా.

అసలు చిక్కు ఏమిటంటే కరెంటు రక్తపు గడ్డను కరిగించదు, నాళాన్ని తెరవదు. నీళ్లందక ఎండిపోయిన చేనుకు ఎరువు చల్లడం లాంటిది. కొన ఊపిరితో ఉన్న కణాలకేదైనా సాయం చేస్తుందేమో గానీ, చచ్చిన కణాన్ని లేపదు. యూట్యూబ్‌లో ‘నాకు చూపు వచ్చింది’ అన్నవాళ్లంతా అబద్ధమాడుతున్నారనీ అనను. ఈ జబ్బులో మొదటి వారం రోజుల్లో కొందరికి దానంతటదే కాస్త చూపు తిరిగొస్తుంది. ఇంకొందరికి పుట్టుకతోనే రెటీనా మధ్యభాగానికి వేరే చిన్న ధమని ఉంటుంది, వాళ్లకు నడిమి చూపు మిగులుతుంది. సరిగ్గా ఆ సమయంలో ఏ వైద్యం చేయించుకుంటే పేరు దానికే. ఇంకొందరు వీడియోల్లో చూపించేది రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా పేషెంట్లను. అది వేరే జబ్బు. ఈ కరెంటు మీద ఎక్కువ పరిశోధన జరిగింది దాని కోసమే.

‘ఇది కొత్త పరిశోధన’ అని వాళ్లంటే ఒక్కటే అడగండి: సీటీఆర్‌ఐ, అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు నంబరు ఎంత అని. నిజమైన ట్రయల్‌కు ఆ నంబరు ఉంటుంది, సంతకం పెట్టించే అంగీకార పత్రం ఉంటుంది, సాధారణంగా పేషెంటు దగ్గర ప్యాకేజీ డబ్బులు తీసుకోరు.

ఇప్పుడు నాకు టెన్షన్ ఆ ఎడమ కన్ను గురించి కాదు. కంటి ధమనిలో గడ్డ అడ్డం పడిందంటే అది ఎక్కడి నుంచో వచ్చింది, మామూలుగా మెడ నాళాల నుంచో గుండె నుంచో. అదే గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతం. కంట్లో ఇలా జరిగాక మొదటి కొన్ని వారాలు ఆ ముప్పు మరీ ఎక్కువ, తర్వాత కూడా పూర్తిగా పోదు. కంటి డాక్టరు మెడ నాళాలకు డాప్లర్ స్కాన్, గుండెకు ఈసీజీ, ఎకో రాసి ఉంటే, అవి చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. చేయించకపోతే ఈ వారమే శ్రీకాకుళం ప్రభుత్వ ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుకు చీటీ చూపించండి. షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ కూడా అడగండి. తల దువ్వుకుంటే కణత నొప్పి, నమిలేటప్పుడు దవడ లాగడం ఉన్నాయేమో అమ్మగారిని అడగండి. మన దగ్గర అరుదే గానీ, ధమనుల వాపు వల్ల అయితే రెండో కన్ను కూడా రోజుల్లో పోవచ్చు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు కాబట్టి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. రంగు మందు ఎక్కించి స్కాన్ తీసేముందు ఆ రిపోర్టు డాక్టరుకు చూపించండి. ఆస్పిరిన్ కూడా షాపులో అడిగి మొదలుపెట్టకండి, డాక్టరే రాయాలి.

బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి. అడ్డపొగ అనగానే మన వైపు అంగిలి క్యాన్సర్ ఒక్కటే గుర్తొస్తుంది. ఆ పొగ రక్తనాళాలను కూడా గట్టిపరుస్తుంది. చుట్ట ఎటు కాల్చినా నాళాలకు ఒకటే. ఇన్నేళ్ల అలవాటు అరిచి మాన్పించలేం, నికోటిన్ గమ్ లాంటివి ఉన్నాయి, అదే డాక్టరుతో మాట్లాడండి.

ఎడమ కన్ను ఎలాగూ కనిపించదని చెకప్‌లు మానేయకండి. కొన్ని నెలల్లోపు అందులో అవసరం లేని కొత్త నాళాలు పెరిగి ప్రెషర్ పెరగవచ్చు. ఎర్రబడి, తలతో సహా నొప్పి పుడితే అదే. ముందే కనిపెడితే లేజర్‌తో ఆపవచ్చు. కుడి కన్ను ఒక్కసారి, రెండు నిమిషాలు మసకబారి మళ్లీ కనిపించినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా కళ్లజోళ్ల షాపు వైపు వెళ్లకుండా 108కి ఫోన్ చేయండి.

కళ్లజోడు అడిగారు. ఎడమ కన్నుకు ఏ పవరూ పనిచేయదు. అయినా జోడు కావాలి, కుడి కన్ను కోసం. సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు అని అడిగి చేయించండి, పవర్ లేకపోయినా సరే. జీడిపిక్క కొట్టేటప్పుడు చిమ్మే రసం చేతుల్ని ఎలా కాలుస్తుందో అమ్మగారికి తెలుసు. ఉన్న ఒక్క కంట్లో అది పడకూడదు. ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్లద్దాలు పెట్టుకోమనండి. వీలైతే పిక్కలు కొట్టే చోటు నుంచి పప్పు ఏరే పనికి మార్చమని యజమానిని అడగండి.