7 శాతం అన్నచోటే ఖాతా తెరవాలా?

ప్రశ్న: ఆన్‌లైన్ సేవింగ్స్ ఖాతా కోసం బ్యాంకుల వడ్డీ రేట్లు చూశానండి. ఒకటి 7 శాతం, ఇంకొకటి 6 శాతం ఇస్తామంటున్నాయి. 7 ఇచ్చేదానికే వెళ్లిపోవచ్చా?

జవాబు: కాస్త ఆగండి. ఆ 7 పక్కన చిన్న చుక్క గుర్తు (*) ఉందేమో చూడండి, అసలు సంగతి కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. 10 లక్షలు దాటిన మొత్తానికే 7, ఆ లోపు 3 శాతమే అని రాసి ఉంటే, మీరు 2 లక్షలు వేస్తే ఏడాదికి వచ్చేది 6 వేలే, అదే 6 శాతం అన్నిటికీ ఇచ్చే ఖాతాలో అయితే 12 వేలు! కొన్నిచోట్ల ఆ పెద్ద రేటు మొదటి కొన్ని నెలలకే, తర్వాత తగ్గిపోతుంది.

వడ్డీ ఎప్పుడెప్పుడు జమ చేస్తారో కూడా అడగండి. నెలనెలా కలిపితే 6 శాతం ఏడాదికి దాదాపు 6.17 అవుతుంది. మినిమమ్ బ్యాలెన్స్ తగ్గితే వేసే ఛార్జీలు వచ్చిన వడ్డీని తినేస్తాయి, అదీ లెక్కలోకి తీసుకోండి. అన్నిటికన్నా ముందు డిపాజిట్ ఇన్సూరెన్స్ (బ్యాంకు మూతపడినా మీ డబ్బుకి ఉండే బీమా) ఉందో లేదో, ఎంతవరకు ఉందో చూసుకోండి, అది లేకపోతే రేటు ఎంతున్నా నేనైతే వద్దనే అంటాను.