ఏ షెల్ నేర్చుకోవాలి? స్క్రిప్టు ఎక్కడ నడవాలో ముందు తేల్చుకోండి

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. డెవాప్స్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్నాను. నా మ్యాక్‌లో సరిగ్గా నడిచిన స్క్రిప్టు కాలేజీలోని ఉబుంటు సర్వర్‌లో తప్పు ఫలితం ఇచ్చింది. రెండు చోట్లా ‘ఎస్‌హెచ్’ కమాండుతోనే నడిపాను. బ్యాష్, జెడ్‌షెల్, డ్యాష్ అనే షెల్‌లలో దేనిపై పట్టు సాధించాలి?

జవాబు: మీరు రెండు వేర్వేరు విషయాలను కలిపి అడిగారు. టెర్మినల్‌లో కమాండ్లు టైపు చేసుకోవడానికి ఏ షెల్ (కమాండ్లను చదివి అమలు చేసే ప్రోగ్రామ్) వాడతారన్నది పూర్తిగా మీ ఇష్టం. యాపిల్ 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనా వెర్షన్‌తో జెడ్‌షెల్‌ను డిఫాల్టు చేసింది కనుక మీరు దానిలోనే కొనసాగవచ్చు. స్క్రిప్టును ఏ షెల్ కోసం రాయాలన్నది మాత్రం అది నడవబోయే యంత్రాలను బట్టి తేల్చవలసిన విషయం.

మీకు ఎదురైన చిక్కు ఇక్కడే ఉంది. మ్యాక్‌లో ‘ఎస్‌హెచ్’ అన్న పేరు వెనుక మామూలుగా నడిచేది బ్యాషే, అదీ పాత 3.2 వెర్షన్. ఉబుంటులో 2006 నాటి 6.10 నుంచి, డెబియన్‌లో 2011 నాటి 6.0 నుంచి అదే పేరుతో నడుస్తున్నది డ్యాష్. అది చిన్నది, వేగంగా మొదలవుతుంది కాబట్టి సిస్టమ్ స్క్రిప్టులకు దానిని ఎంచుకున్నారు. ఫైలు మొదటి వరుసలో బ్యాష్ అని రాసి ఉన్నా, దానిని ‘ఎస్‌హెచ్’తో నడిపితే ఆ వరుస కేవలం వ్యాఖ్యగా మిగిలిపోతుంది.

మీ ఇఫ్ షరతులో [[ ]] ఉండి ఉంటుందని నా అనుమానం. డ్యాష్‌కు ఆ జంట బ్రాకెట్లు తెలియవు. ‘నాట్ ఫౌండ్’ అని ఒక వరుస చూపి, షరతు తప్పినట్లుగా భావించి, ఎల్స్ భాగంలోకి వెళ్లి మిగతా పని చేసుకుంటూ పోతుంది. స్క్రిప్టు మధ్యలో ఆగిపోయి ఉంటే మీరు వెంటనే పసిగట్టేవారు. ఆగకుండా తప్పుదారిలో సాగడం అంతకంటే ప్రమాదకరం.

కనుక నా సలహా ఇది: ఎక్కడ నడుస్తుందో ముందుగా తెలియని స్క్రిప్టును పోసిక్స్ ప్రమాణానికి (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) లోబడి రాయండి. పోలికకు [ ] లోపల ఒకే సమాన చిహ్నం, అర్రేలకు బదులు పొజిషనల్ పారామీటర్లు ($1, $2 వంటివి), ఎకోకు బదులు ప్రింట్ఎఫ్ వాడండి. అన్ని సర్వర్లూ మీ బృందం చేతిలోనే ఉన్నప్పుడు బ్యాష్‌లో రాయడంలో తప్పేమీ లేదు, పైగా అర్రేలు అవసరమైన చోట అదే మేలు. అయితే మొదటి వరుసలో ఆ పేరు పెట్టి, దానితోనే నడపాలి. కంటెయినర్లలో విరివిగా వాడే ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌లో బ్యాష్ ముందుగా ఉండదని, మ్యాక్‌లోని 3.2లో అసోసియేటివ్ అర్రేలు (అంకెలకు బదులు పేర్లతో విలువలను దాచేవి) లేవని (అవి 2009లో 4.0తో వచ్చాయి) గుర్తుంచుకోండి.

ఉద్యోగం దృష్ట్యా చూస్తే, రెజ్యూమెలో ‘షెల్ స్క్రిప్టింగ్’ అని రాయనివారు అరుదు, కాబట్టి ఆ రెండు మాటలకు సొంతంగా బరువేమీ ఉండదు. విఫలమైన మీ స్క్రిప్టునే తీసుకుని స్క్రిప్టులలో తప్పులను పట్టే షెల్‌చెక్ అనే సాధనంతో పరీక్షించి, డ్యాష్‌లోనూ ఆల్పైన్ కంటెయినర్‌లోనూ నడిపి, ఏ వరుస ఎందుకు మార్చారో కమిట్ సందేశాలలో రాసి గిట్‌హబ్‌లో ఉంచండి. ఇంటర్వ్యూలో దానిని చూపితే చర్చ మీకు తెలిసిన చోటనే మొదలవుతుంది. స్క్రిప్టు వంద వరుసలు దాటి, జేసన్ వంటి డేటాను విడదీయవలసి వస్తే షెల్‌ను వదిలి పైథాన్‌కు మారండి. ఈ సెలవుల్లో దానికీ కొంత సమయం కేటాయించండి.