ఇరవై ఒక్క పాటలున్నాయని డబుల్ ఆల్బమ్ చేయవచ్చా?

గుంటూరులోని మీ రాక్ బ్యాండ్ దగ్గర 21 తెలుగు పాటలు సిద్ధంగా ఉన్నాయనీ, మొత్తం నిడివి గంటన్నర దాకా వస్తోందనీ, వాటన్నిటినీ డబుల్ ఆల్బమ్‌గా విడుదల చేయాలా లేక పన్నెండింటిని ఏరుకుని మిగిలినవి పక్కన పెట్టాలా అనీ అడిగారు. విజయవాడలో ఒక బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తూ, అలాంటి పనిని మొదటి నుంచి చివరి వరకు దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను. పాటల లెక్కను బట్టి ఈ నిర్ణయం తీసుకోకండి. మీ పాటల్లో నాలుగు మంచి ఆరంభాలు, నాలుగు మంచి ముగింపులు ఉన్నాయా అని చూసుకోండి. ఉంటే డబుల్ ఆల్బమ్ చేయవచ్చు. లేకపోతే మీ దగ్గర ఉన్నది ఒక్క ఆల్బమే, మిగిలినదంతా కొసరు.

నాలుగు అని ఎందుకంటున్నానంటే, డబుల్ ఆల్బమ్ పుట్టిందే రెండు రికార్డులు, నాలుగు వైపులు ఉన్న వస్తువుగా. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల ఎల్‌పీ రికార్డులో ఒక్కో వైపు సుమారు 22 నిమిషాల వరకు ధ్వని బాగుంటుంది. అంతకు మించి ఎక్కించాలంటే ముల్లు నడిచే గాళ్లను మరింత దగ్గర దగ్గరగా కోయాలి, దానికోసం శబ్దాన్ని తగ్గించుకోవాలి. పైగా ముల్లు లోపలికి జరిగేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది కాబట్టి, వైపు చివరికి వచ్చేసరికి పాటలో పదును తగ్గి బొంగురు చేరుతుంది. అందుకే హోరెత్తించే పాటను మొదట్లోనూ, నెమ్మదైన పాటను చివరలోనూ పెట్టడం చాలామందికి అలవాటైంది. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ వారి 'ఫిజికల్ గ్రాఫిటీ' (1975) నిడివి వల్లనే డబుల్ ఆల్బమ్ అయింది. ఇంగ్లండ్ పల్లెలోని పాత భవనం హెడ్లీ గ్రేంజ్‌లో రికార్డు చేసిన ఎనిమిది పాటలు ఒక రికార్డులో పట్టకపోవడంతో, అంతకుముందు ఆల్బమ్‌ల సమయంలో మిగిలిపోయిన పాటలను కూడా చేర్చి మొత్తం 15 పాటలతో రెండు రికార్డులు చేశారు.

మీ పరిస్థితికి మరింత దగ్గరగా ఉండేది బీటిల్స్ వారి 1968 నాటి ఆల్బమ్. తెల్లటి అట్ట వల్ల దానికి 'వైట్ ఆల్బమ్' అనే పేరు స్థిరపడింది. అందులో చాలా పాటలు ఆ ఏడాది మొదట్లో వారు రిషికేశ్ ఆశ్రమంలో ఉన్నప్పుడు రాసుకున్నవే. మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య దాకా సాగిన రికార్డింగులో ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ విసిగిపోయి పని మానేశారు. డ్రమ్మర్ రింగో స్టార్ ఆగస్టులో బ్యాండ్‌నే వదిలి వెళ్లి సెప్టెంబరులో తిరిగి వచ్చారు. బలమైన పాటలు ఏరి ఒక్క ఆల్బమ్‌గా తెద్దామని నిర్మాత జార్జ్ మార్టిన్ కోరారు గానీ ఆయన మాట చెల్లలేదు. అయితే అక్టోబరు 16న బీటిల్స్ సభ్యులు లెనన్, మెకార్ట్నీ, నిర్మాత మార్టిన్ స్టూడియోలో కూర్చుని, దాదాపు 24 గంటలపాటు లేవకుండా 30 పాటల వరుసను తేల్చారు. బ్యాండ్ గిటారిస్టు జార్జ్ హారిసన్ రాసిన నాలుగు పాటలూ వైపుకొకటి చొప్పున పడ్డాయి. జంతువుల పేర్లున్న మూడు పాటలు రెండో వైపున పక్కపక్కనే చేరాయి. గట్టి రాక్ పాటల్లో ఎక్కువ భాగం మూడో వైపుకు వెళ్లాయి. పొంతన లేని అన్ని పాటలు ఒక ఆల్బమ్‌గా నిలబడింది ఆ ఒక్క రోజు పని వల్లనేనని నా అభిప్రాయం. మార్టిన్ గారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. నాలుగో వైపున ఉన్న ఎనిమిది నిమిషాల శబ్దాల కూర్పును నేను ఇప్పటికీ దాటేస్తూనే ఉంటాను. కాలేజీ రోజుల్లో బీసెంట్ రోడ్డులో ఈ ఆల్బమ్‌ను నాకు 90 నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చారు. ఆల్బమ్ నిడివి 93 నిమిషాలు కావడంతో చివరి పాట మధ్యలో తెగిపోయేది, దాని ముగింపు నేను విన్నది ఎన్నో ఏళ్ల తర్వాతే.

ఇక మా అనుభవం. మేము సాధన చేసింది ఆటోనగర్‌లో, మా గాయకుడి బాబాయ్ గారి షెడ్డులో. పగలంతా లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు మోగే చోట మా డ్రమ్స్ గురించి ఫిర్యాదు చేసేవారు ఉండరు. రికార్డింగ్ మాత్రం ఊళ్లోనే ఒక చిన్న స్టూడియోలో, వేసవిలో జరిగింది. టేక్ తీసుకునేటప్పుడు శబ్దం రాకుండా ఏసీ ఆపాలి. ఆపిన కాసేపటికే గదిలో ఉక్క పెరిగి గిటార్ల శ్రుతి జారేది. రెండు పాటల్లో డప్పు ఉంది. ఏసీ చల్లదనానికీ కృష్ణ ఒడ్డు తేమకూ దాని చర్మం మెత్తబడి 'ధబ్' మనేది తప్ప పలికేది కాదు. వాయించే అన్న పెరట్లోకి వెళ్లి, పాత దినపత్రికలు మండించి, ఆ సెగ మీద డప్పును గుండ్రంగా తిప్పుతూ కాచి, వేలితో మీటి చూసుకుని, పరుగున లోపలికి వచ్చేవాడు. ఆ బిగువు సడలేలోపే టేక్ పూర్తి కావాలి కాబట్టి మేమందరం అప్పటికే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కదలకుండా నిలబడి ఉండేవాళ్లం. మా ఆల్బమ్ మొత్తంలో గట్టి వాయింపు ఆ రెండు పాటల్లోనే ఉందని వినేవాళ్లు అంటుంటారు, నేనూ ఒప్పుకుంటాను.

పాటలు ఎక్కువైనప్పుడు వచ్చే అసలు చిక్కు వరుస పెట్టేటప్పుడు బయటపడుతుంది. పాటల పేర్లు చీటీల మీద రాసి, ఒక్కోదాని కింద శ్రుతి, వేగం, ఎలా మొదలై ఎలా ముగుస్తుందో రాసి షెడ్డు నేల మీద పరిచాం. మా గాయకుడి గొంతుకు 'E మైనర్' శ్రుతి హాయిగా ఉంటుంది కాబట్టి సగానికి పైగా పాటలు అదే శ్రుతిలో, ఇంచుమించు ఒకే వేగంతో ఉన్నాయి. అలాంటివి మూడు వరుసగా వస్తే వినేవాడికి ఒకే పాట సాగుతున్నట్టు ఉంటుంది. వాటిలో కొన్నిటిని తీసేశాం, ఒకదాన్ని శ్రుతి తగ్గించి మళ్లీ వాయించాం. ఏ పాట ఎవరు రాశారన్నది చీటీ మీద రాయకూడదని మా డ్రమ్మర్ ముందే పట్టుబట్టాడు. అలా రాసి ఉంటే చర్చ పాటల మీద కాక మనుషుల మీదికి మళ్లేది. మొదటి భాగం చివరి పాట మీద అన్నిటికంటే ఎక్కువసేపు వాదించుకున్నాం. మన సినిమాకు ఇంటర్వెల్ బ్యాంగ్ ఎంత అవసరమో డబుల్ ఆల్బమ్‌కు రెండో వైపు ముగింపు అంత అవసరం. అక్కడ ఆసక్తి సడలితే రెండో భాగం ఎవరూ వినరు. డప్పు పాటల్లో ఒకటి అక్కడికే వెళ్లింది.

విడుదల విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. అన్నీ ఒకే రోజు వదలకండి, రెండు భాగాలుగా కొన్ని వారాల తేడాతో విడుదల చేయండి. అమెరికా రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్ 1991 సెప్టెంబరు 17న రెండు పూర్తి ఆల్బమ్‌లను ఒకేసారి అమ్మకానికి పెట్టగలిగారంటే, వారి కోసం అప్పటికే దుకాణాల ముందు జనం నిలబడి ఉన్నారు కాబట్టి. మన సంగతి వేరు. స్పాటిఫైలో ప్లేలిస్టు సంపాదకులకు విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పాటను ప్రతిపాదించవచ్చు, కానీ ఒకసారికి ఒక్క పాటనే. రెండు విడుదలలైతే మీకు రెండు అవకాశాలు. పైగా 2024 నుంచి, 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు అక్కడ రాయల్టీ లెక్కలోకే రాదు. 21 పాటల మీద శ్రోతలు చెదిరిపోతే ఏ పాటా ఆ గీత దాటకపోవచ్చు. ప్రతి రికార్డింగుకూ దాన్ని గుర్తించే, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే ఐఎస్ఆర్‌సీ కోడ్ విడిగా ఉండాలి. మొదటి భాగంలోని పాటలను తర్వాత పూర్తి ఆల్బమ్‌లో చేర్చినప్పుడు అవే కోడ్‌లు ఇవ్వండి, కొత్తవి ఇస్తే అప్పటిదాకా వచ్చిన లెక్క విడిపోతుంది. రాసినవారు, బాణీ కట్టినవారు, తమ తరఫున రాయల్టీలు వసూలు చేసే సంఘమైన ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరి పాటలు నమోదు చేసుకోవాలి. ఎవరి వాటా ఎంతో విడుదలకు ముందే కాగితం మీద పెట్టుకోండి, స్నేహితులైతే మరీ ముఖ్యం.

విడుదల రోజున ఆరుబయట కచేరీ పెట్టే ఆలోచన ఉంటే, రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న నిబంధన గుర్తుంచుకోండి. గంటన్నర పాటలు, మధ్యలో విరామం, మన ఊళ్లలో తప్పని ఆలస్యం కలుపుకుంటే ఏడున్నరకల్లా మొదటి పాట మొదలు కావాలి. డ్రమ్స్ రికార్డింగ్ మాత్రం గుంటూరు ఎండల్లో పెట్టుకోకుండా డిసెంబరు, జనవరి నెలల్లో పూర్తి చేయండి. అన్ని పాటలకూ ఒకే స్నేర్ డ్రమ్ తోలు వాడితే చివరి పాటలకు వచ్చేసరికి అది సాగిపోయి, రెండో భాగం వేరే బ్యాండ్ వాయించినట్టు వినిపిస్తుంది. కాబట్టి సగంలో కొత్తది మార్చడానికి డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.